మొలతాడుకు కట్టిన తాళంచెవి

గురువారం పొద్దున మార్కాపురంలో అమ్మను డయాలసిస్ బెడ్ మీద పడుకోబెట్టి, బయట బెంచీ మీద కూర్చున్నాను. టీ తెచ్చిన అతను గ్లాసు చేతికిస్తూ, "మీ తాళాల మామ పోయినాడంట గదన్నా. నిన్న మధ్యాన్నమే మట్టి చేసినారంట" అన్నాడు.

ఆ పొద్దున కూడా ఆయన బంకు ముందు నుంచే వచ్చాను. మూసి ఉంది. సోమవారం కలిసినప్పుడు కొంచెం ఆయాసంగా ఉందన్నాడు కాబట్టి ఇంట్లో పడుకున్నాడేమో అనుకున్నాను. అమ్మకు వెంటనే చెప్పలేదు. మిషన్ మీద ఉన్నప్పుడు ఆమెకు బీపీ పడిపోతుంది. నాలుగు గంటలు ఆ మాటను నా దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

మార్కాపురం కూరగాయల మార్కెట్ వైపు తిరిగినవాళ్ళు ఆయనను చూసే ఉంటారు. నీలం రంగు వెలిసిపోయిన చెక్క బంకు, గుత్తులు గుత్తులుగా వేలాడే తాళంచెవులు, మెడ వెనక దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. బంకు ముందు రెండు స్టూళ్ళు ఉండేవి. ఒకటి ఆయనకు, ఒకటి వచ్చినవాళ్ళకు. ఊరందరి తాళాలు బాగుచేసే మనిషి తన బంకుకు మాత్రం తాళం వేసేవాడు కాదు. సాయంత్రం రెక్కలు మూసి, కొబ్బరితాడు రెండు చుట్లు చుట్టి ముడి వేసి పోయేవాడు. "ఏంది మామా, నీ బంకుకే తాళం లేదా?" అంటే, "నేనొక్కన్నే గదరా తీసేవాన్ని. నేనే చెవి పోగొట్టుకుంటే ఎవన్ని పిలవాల?" అనేవాడు.

సబ్బు మీద తాళంచెవి అచ్చు దొంగచాటుగా ఒత్తుకుని కొందరు అప్పుడప్పుడూ వచ్చేవాళ్ళు. ఆ సబ్బును అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది నాయనా, దీంతో పోయి మొగం కడుక్కో" అని తిరిగి ఇచ్చేసేవాడు. ఎవరి తాళమో, ఏ ఇల్లో తెలియకుండా చెవి అరగదీయడానికి ఆకురాయి పట్టుకున్న మనిషి కాదు.

ఆయనతో చుట్టరికం కలిపింది నాయన. అమ్మకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు మార్కాపురం పోవాల్సి వచ్చినప్పుడు, నాయన ఎడ్లను అమ్మి ఒక పాత మారుతి కారు కొన్నాడు. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాడు. మా ఊరు అర్ధవీడు దగ్గర. ఆ రోడ్డు మీద ఆటోలో పోయి రావడం అమ్మ వల్ల అయ్యేది కాదు. అమ్మ మిషన్ మీద ఉండే నాలుగు గంటలు నాయన ఆ రెండో స్టూలు మీద కూర్చునేవాడు. అట్లా కూర్చుని కూర్చుని ఇద్దరూ బావా అంటే బావా అనుకున్నారు. అమ్మ ఆయనకు చెల్లెలైంది, నాకు ఆయన మామ అయ్యాడు.

ఆ కారుతో పాటు ఒక్క తాళంచెవే వచ్చింది. తలుపులకూ ఇంజనుకూ అదే. మామ ఎన్నోసార్లు చెప్పాడట: "బావా, ఇంకోటి చేయించుకో. ఒంటి చెవి ఒంటి కన్ను లాంటిది." నాయన వినలేదు. "నడుముకు ఉన్నది యాడికి పోతాది?" అన్నాడట. ఆయన దాన్ని మొలతాడుకు కట్టుకునేవాడు. ఒంటికి గుచ్చుకోకుండా అమ్మ దానికి గుడ్డతో చిన్న సంచి కుట్టి ఇచ్చేది.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం నాయన పొలం దగ్గర కూలిపోయాడు. ఇంటికి తెచ్చేసరికే ప్రాణం లేదు. మా వాళ్ళలో పూడ్చిపెడతారు. నీళ్ళు పోసేటప్పుడు మొలతాడు తెంచి గుంతలో వెయ్యమని పెద్దవాళ్ళు చెప్పారు. పెద్దకొడుకును కాబట్టి నేనే కత్తి తీసుకుని తెంచాను. మొలతాడుకు గుడ్డలో కుట్టిన చిన్న మూటలు రెండు ఉన్నాయి. కంభం దర్గాలో కట్టించుకున్న తాయెత్తు ఒకటి ఉందని తెలుసు. రెండూ తాయెత్తులే అనుకున్నాను. తాయెత్తు మనిషితోనే పోవాలి, ఇంటికి రాకూడదు. చేతిలో ఉన్నది ఉన్నట్టే గుంతలో వేశాను.

మూడోనాడు పాలు పోసి వచ్చాక చిన్నాయన అడిగాడు, "కారు తాళంచెవి యాడుందిరా?" అని. చొక్కా జేబులు, మేకులు, బియ్యం డబ్బా కూడా వెతికాం. వసారాలో గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ అటు తిరిగే అడిగింది.

"నడుముకు ఉన్నవి తీసినావా?"

"తాయెత్తులు తీయగూడదన్నారు గదమ్మా."

"తాయెత్తు ఒకటే గదరా" అంది అమ్మ.

కాసేపటికి చిన్నాయన, "మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. నలుగురం పోతే..." అని మొదలుపెట్టాడు. అమ్మ లేచి కూర్చుంది. "ఆయన్ను కదిలిచ్చొద్దు. నన్నూ కదిలిచ్చొద్దు" అని మళ్ళీ పడుకుంది.

ఆ రెండో మాట నాకు తర్వాత అర్థమైంది. నాయన పోవడంతో సోమవారం డయాలసిస్ తప్పింది. కాళ్ళు ఉబ్బాయి, మాట్లాడితే ఆయాసం. గురువారం కూడా తప్పితే మా చేతుల్లో ఉండదని ఆస్పత్రి నర్సు ఫోన్లో చెప్పింది. బాడుగ కారు మాట్లాడతానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. పెద్దదినం అయ్యేదాకా గడప దాటకూడదని ఎవరో అంటే, "దాటను" అంది. నాయన లేకుండా ఆ రోడ్డు మీద పోవడం ఆమెకు ఇష్టం లేదు. ఇక వద్దనుకుందని అందరికీ తెలుస్తూనే ఉంది. పైకి మాత్రం అందరం కారు గురించే మాట్లాడుకున్నాం. అద్దం పగలగొట్టి వైర్లు కలుపుదామని ఒకరు, స్టీరింగుకు తాళం పడిందని ఇంకొకరు.

బుధవారం పొద్దున్నే మోటార్ సైకిల్ మీద మార్కాపురం పోయాను. నన్ను చూడగానే మామ, "సోమవారం మీ నాయన రాలేదేంది?" అన్నాడు. చెప్పాను. ఆకురాయి కింద పెట్టి కొంతసేపు గుత్తుల వైపు చూస్తూ ఉన్నాడు. తర్వాత సంచి తీసుకుని, బంకు రెక్కలు మూసి తాడు కట్టాడు. అప్పటికి ఆయనకు డెబ్బై దగ్గర. ఒక కంటిలో శుక్లం. పనికోసం ఊరు దాటి పోవడం మానేసి చాలా కాలమైంది.

దారిలో తాయెత్తు సంగతి చెప్పాను. బండి నడుపుతున్నాను కాబట్టి ఆయన మొహం చూడాల్సిన పని లేకపోయింది. కంభం చెరువు కట్ట దాటాక ఆయన, "తాళంచెవి పోయిన ఇంట్లో అందురూ ఒకరి మీద ఒకరు అరుస్తాంటారు. మీ ఇంట్లో అరుస్తాండారా?" అని అడిగాడు.

"లేదు మామా."

"అయితే కష్టమే" అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మను పలకరించలేదు. వసారా ముందు ఆగి, ఒకసారి చూసి, కారు దగ్గరకు పోయి గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు. ఆ కారుకు సరిపడే, పళ్ళు కోయని కొత్త చెవులు మూడు తెచ్చాడు. ఇప్పటి కార్ల మాదిరి చెవిలో చిప్పులు ఉండే కాలంది కాదు కాబట్టి ఆకురాయితోనే పని జరుగుతుంది. కొవ్వొత్తి వెలిగించి చెవికి మసి పట్టించడం, తలుపు తాళంలో దూర్చి తిప్పీ తిప్పనట్టు తిప్పడం, తీసి చూడడం. లోపల ఎక్కడ తగిలిందో అక్కడ మసి చెరుగుతుంది. అక్కడ ఆకురాయితో రెండు రాపిళ్ళు. మళ్ళీ మసి.

మధ్యాహ్నానికి మొదటి చెవి పాడైంది. ఎక్కువ అరగదీశానన్నాడు. రెండోది కూడా ఒకచోట లోతు తప్పింది. చిన్నాయన నా పక్కకు వచ్చి, "కండ్లు కనపడని ముసలాయన్ను తెచ్చినావురా. సాయంత్రం దాకా చూసి, గడ్డపార తీద్దాం" అన్నాడు. మామకు వినబడే ఉంటుంది. మూడో చెవిని చేతిలో పట్టుకుని, మసి పట్టించకుండా కాసేపు కూర్చున్నాడు. తర్వాత వసారా వైపు తిరిగి, మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"చెల్లెమ్మా, ఆ చెవికి గుడ్డ కుట్టింది నువ్వే గదా?"

"ఊ."

"ఎట్లుండేదో గ్యాపకముందా?"

"నాకేం తెల్సునన్నా. చెవిని ఎవురు చూస్తారు?"

"సరే తియ్యి" అని మళ్ళీ కొవ్వొత్తి వెలిగించాడు. కొంచెం సేపటికి అమ్మే అంది, "కొన కాడ ఒక పల్లు పొడుచుకొచ్చేది. ఎప్పుడూ ఆడనే చినిగేది. రెండు నెల్లకొక తూరి కొత్తది కుట్టియ్యాల్సొచ్చేది."

మామ కొవ్వొత్తి ఆర్పేశాడు. "పాతది ఉందా?"

అమ్మ లేచింది. మూడు రోజుల్లో తనంతట తాను లేచి నిలబడడం అదే మొదటిసారి. గోడ పట్టుకుంటూ లోపలికి పోయి, గుండీలూ సూదులూ వేసుకునే రేకు డబ్బా తెచ్చింది. అందులో తన పాత రవికె గుడ్డతో కుట్టిన చిన్న సంచి ఉంది. కుట్లు విప్పి పరిస్తే, నాయన చెమటకు చెవి మీది చిలుము గుడ్డకు అంటి, పచ్చటి మరకగా పడి ఉంది. ఎగుడుదిగుడు అంచు కూడా మసకగా తెలుస్తోంది. కొన దగ్గర చిల్లు.

మామ దాన్ని ఎండకు పట్టి చూసి, "ఎక్స్‌రే తెచ్చినావు చెల్లెమ్మా. ఇంక డాక్టరుకు పని తక్కువ" అన్నాడు.

అమ్మ కారు పక్కన అరుగు మీద కూర్చుంది. ఆయన గుడ్డను చెవి మీద పెట్టి గీత గీసుకుంటుంటే, "ఆడ ఇంకా లోతన్నా" అంది.

"నీకేం తెల్సు, నువ్వూరుకో."

"కుట్టిన దాన్ని నేను. నాకు తెలీకుంటే నీకు తెల్సా?"

"తాళాల పని నాదమ్మా తల్లీ."

"అందుకే గదా రెండు పారేసినావు!"

మామ నవ్వాడు. చిన్నాయన కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు కానీ, అక్కడి నుంచి లేచిపోలేదు.

పొద్దు వాలేసరికి తలుపు తాళం తిరిగింది. మామ లోపల కూర్చోలేదు. చెవిని పంచెకు తుడిచి అమ్మ చేతికిచ్చి, "నువ్వు తిప్పు" అన్నాడు. అమ్మ ఎప్పుడూ ఆ సీట్లో కూర్చోలేదు. గేరు న్యూట్రల్లో ఉందని నేను చూశాక, కూర్చుని తిప్పింది. స్టీరింగు వదిలింది. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. అమ్మ తాళంచెవి మీద నుంచి చెయ్యి తీయకుండా అట్లే ఉంది.

మామ సామాను సంచిలో సర్దుకుంటూ, "ఈ రాత్రికి నేను ఈడనే పండుకుంటా. బస్సు పోయింటాది. పొద్దున నన్ను మార్కాపురంలో దింపాల" అన్నాడు. తర్వాత అమ్మతో, "నీ కొడుకు డ్రైవింగ్ మీద నాకు నమ్మకం లేదు చెల్లెమ్మా. నువ్వు పక్కన కూచుంటేనే ఎక్కుతా" అన్నాడు.

అమ్మ చాలాసేపటికి, "ఎన్నింటికి పోవాల?" అంది.

గడప సంగతి ఎవరూ ఎత్తలేదు. మర్నాడు ఆరింటికి ముగ్గురం బయలుదేరాం. ఆయన దారి పొడవునా వెనక సీట్లో నుంచి "నెమ్మది, గుంత ఉంది" అంటూనే ఉన్నాడు. అమ్మ ముందు సీట్లో పచ్చమరక గుడ్డను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ముందురోజు సాయంత్రం కంభానికి ఇంకో బస్సు ఉండిందని, అది ఆయనకు తెలుసని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి రెండో స్టూలు మీద నేను కూర్చున్నాను. వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు, మూడేళ్ళు. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఒకసారి నేనే, "నాయన తాళంచెవిని చూసుకోకుండా వేసేసినాను మామా" అని మళ్ళీ ఎత్తాను. ఆకురాయి ఆపకుండా, "తాయెత్తనుకోని వేసినావు. మీ నాయనకు అది తాయెత్తే గదరా. ఆయనది ఆయన కాడ ఉండనీ" అన్నాడు. నేను మళ్ళీ ఎత్తలేదు.

మొన్న సోమవారం మామూలు కంటే ముందే బంకు మూశాడు. తాడు కట్టడానికి నేను చెయ్యి వేయబోతే, "నీ ముడి ఇప్పడం నాకు రాదు" అని తానే కట్టుకున్నాడు. "బేస్తవారం వస్తావు గదా" అని గురువారం మాట గుర్తుచేసి పోయాడు.

గురువారం అమ్మ మిషన్ దిగాక చెప్పాను. ఆమె చేతికి కట్టిన దూది పట్టుకుని కొంచెం సేపు కూర్చుంది. ఇద్దరం వాళ్ళింటికి పోయాం. మామ భార్య లోపల చుట్టాలతో ఉర్దూలో మాట్లాడుతున్నదల్లా, అమ్మను చూసి తెలుగులోకి వచ్చి, "మీ అన్న పోయినాడమ్మా" అంది. అమ్మ ఆమె పక్కన కూర్చుంది. నేను గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు మార్కెట్ దగ్గర అమ్మ కారు ఆపమంది. ఇంజను ఆపి, చెవి తీసి, అలవాటుగా ఆమె చేతికిచ్చాను. ఇప్పుడు దానికీ ఒక గుడ్డ సంచి ఉంది. అమ్మ దిగి బంకు దగ్గరకు పోయింది. మూసిన రెక్కల మధ్య కొబ్బరితాడు రెండు చుట్లు చుట్టి ఉంది. ముడిని వేలితో ఒకసారి తాకి చూసింది. లాగలేదు. సోమవారం ఆయన వేసిన ముడి అట్లాగే బిగుసుకుని ఉంది.