లెక్కకు రాని బిందెలు

మొన్న సెలవులకు మా పాప, అల్లుడు బెంగళూరు నుంచి అనంతపురం వచ్చి నాలుగు రోజులు మా దగ్గర ఉన్నారు. పాప అంటే చిన్నపిల్ల అనుకునేరు, ఇద్దరు బిడ్డల తల్లి. ఆమె చేతికి ఎప్పుడూ ఒక గడియారం ఉంటుంది. అది టైము కంటే ఎన్ని అడుగులు నడిచావు, ఎన్ని కెలోరీలు ఖర్చు చేశావు అన్నదే ఎక్కువగా చూపిస్తుంది. ఆ రోజు పొద్దున ఆమె వరండా అంతా వంగి తడిగుడ్డతో తుడిచి, లేచి గడియారం చూసుకుని, దీన్ని కూడా కసరత్తు కింద రాసుకుంటానంది. అల్లుడు నవ్వి, ఇంటిపని ఇంటిపనే, దాన్ని కసరత్తులో కలిపితే రాత్రికి రెండు ముద్దలు ఎక్కువ తినడానికి సాకు తప్ప ఇంకేమీ కాదన్నాడు. కాసేపు వాదులాడుకుని తీర్పు నాకు వదిలిపెట్టారు. జీవితమంతా డ్రిల్లు మాస్టరుగా పనిచేసినవాణ్ణి గదా, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందని వాళ్ల నమ్మకం. వంటింటి గడప దగ్గర నా భార్య చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుని ఉంది. తల ఎత్తలేదు గానీ ఆమె చేతులు ఆగాయి. నేను పాలు తెస్తానని చెప్పి సంచి పట్టుకుని బయటపడ్డాను. ఇంట్లో పాలున్నాయని అందరికీ తెలుసు.

ఆ ప్రశ్నకు తీర్పు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్లు, ముఖ్యంగా నాలాంటి మగవాళ్లు, చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు రాస్తున్నాను.

తొంభైల చివర్లో, రెండువేల మొదట్లో నేను నల్లమాడకు అవతల ఒక ఊరి హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. పాప అప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆ ఏండ్లు చూసినవాళ్లకు కరువు గురించి వేరే చెప్పనక్కరలేదు. చెనిక్కాయ చేలు, అదే వేరుశనగ, పూత దశలోనే ఎండిపోయేవి. ఊళ్లో బోరింగు కొడితే గాలి తప్ప మరేమీ వచ్చేది కాదు. ఊరికి అర మైలు దూరంలో ఒక రైతు చేను బోరులో మాత్రం ఇంకా నాలుగు నీళ్లుండేవి. ఆయన మంచివాడు, మోటారు ఆడినంతసేపు ఎవరు పట్టుకుపోయినా కాదనేవాడు కాదు. కానీ మోటారు ఆడాలంటే త్రీఫేజు కరెంటు రావాలి, అది ఏ వేళప్పుడు వస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. వచ్చిందని ఎవరో ఒకరు కేకేస్తే చాలు, ఊళ్లో ఆడవాళ్లంతా పొయ్యి మీదిది పొయ్యి మీదే వదిలేసి బిందెలతో గట్ల వెంబడి పరుగెత్తేవాళ్లు. బండి కట్టి డ్రమ్ములో నీళ్లు తెస్తే అది మగపని, చంకన బిందెతో తెస్తే ఆడపని. మా ఇంట్లో బండి లేదు కాబట్టి అది నా పని కాదు. నా భార్య రోజుకు పది బిందెలు మోసేది. నేను ఇంట్లో ఉన్న రోజు కూడా ఆమే మోసేది. అప్పుడు నాకు అది వింతగా తోచలేదు.

డ్రిల్లు పీరియడులో నేను పిల్లలకు ఒక పాఠం చెప్పేవాణ్ణి. పని వేరు, కసరత్తు వేరు. పని ఒంటిని అరగదీస్తుంది, కసరత్తు ఒంటిని కాపాడుతుంది. దానికి ఒక పద్ధతి ఉండాలి, ఒక వేళ ఉండాలి, ఊపిరి లెక్క ఉండాలి. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. మా తల్లిదండ్రులు చేసేదంతా ఎందుకూ కాదా సార్ అని వాళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నేనేం చెప్పేవాణ్ణో తెలియదు.

అట్లాంటి రోజుల్లో నా భార్యకు చక్కెర జబ్బు బయటపడింది. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు. కదిరిలో డాక్టరు మాత్రలు రాసి, అన్నం తగ్గించమని, రోజూ నడవమని చెప్పి, ఏ తిండిలో ఎన్ని కెలోరీలో, ఏ పనికి ఎన్ని కెలోరీలు ఖర్చవుతాయో అచ్చేసిన కాగితం ఒకటి ఇచ్చాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. మాత్ర వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు, ఎప్పుడైనా వణుకు పుట్టి చెమటలు పడితే వెంటనే ఏదైనా తీపి నోట్లో వేసుకోవాలి అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు నేను కాగితంలో లెక్కలు చదువుతున్నాను. విన్నాను, విననట్టే.

ఇంటికొచ్చి ఆ కాగితాన్ని చూసి, స్కూలు చార్టు మీద స్కేలు పెట్టి గీతలు గీసి, నా చేతిరాతతో పెద్ద పట్టిక ఒకటి తయారుచేశాను. నాకూ పొట్ట వస్తోంది కాబట్టి నా పేరున ఒకటి, ఆమె పేరున ఒకటి, రెండూ వంటింటి తలుపుకు అంటించాను. డాక్టరు ఇచ్చిన కాగితంలో నడక, పరుగు, సైకిలు తర్వాత కింద ఇల్లు ఊడవడం, బట్టలు ఉతకడం, నీళ్లు మోయడం కూడా ఉన్నాయి. నేను వాటిని ఎక్కించలేదు. మరిచిపోయి కాదు. వాటి దగ్గరికొచ్చేసరికి, ఇవి కసరత్తులు కావని నాకు నేనే తేల్చుకుని కలం మూసేశాను. ఆమె పట్టికలో పనుల వరుస అంతా నడక ఒక్కటే. ఆ నడకకు సరిపడా తిండి ఎంతో లెక్కగట్టి, గిన్నెతో కొలిచి సంగటి ముద్ద సైజు కూడా నేనే నిర్ణయించాను.

తెల్లవారుజామున ఆమె రబ్బరు చెప్పులేసుకుని స్కూలు మైదానం చుట్టూ తిరిగేది, నేను చేతిలో స్టాప్‌వాచీతో నిలబడేవాణ్ణి. గొర్రెలు తోలుకుపోయే ఒక ముసలవ్వ, మా వీధి చివర ఇంటామె, అది చూసి ఆగిపోయింది.

"ఏమ్మా, ఏమన్నా పోగొట్టుకున్నావా? అప్పట్నుండీ ఆడనే తిరగతాండావు."

"నడస్తాండా అవ్వా. షుగరుకు మంచిదంట."

"ఉత్త చేతులతో ఏడు సుట్లు తిరిగి మళ్లీ ఈడికే వస్తే ఏమొచ్చె? సంకన బిందన్నా పెట్టుకోమ్మా, నీళ్లన్నా వస్తాయి."

నా భార్య నవ్వింది. ఆ నవ్వుకు ఒక చుట్టు ఆలస్యమైందని నేను విసుక్కున్నాను.

రెండు వారాలు గడవకముందే ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కాళ్లలో బలం లేనట్టు ఉంటోందని, బోరు దగ్గర నిలబడితే కళ్లు మసకబారుతున్నాయని, చేతులు వణుకుతున్నాయని. మొదట్లో రోజూ చెప్పేది, తర్వాత రెండు రోజులకొకసారి. నేను తలుపు దగ్గర నిలబడి పట్టిక చూసి, ఇంత తింటున్నావు, ఇంత నడుస్తున్నావు, లెక్క సరిగ్గానే ఉంది, ఒళ్లు వంచడం అలవాటు లేక అట్లా అనిపిస్తోంది అనేవాణ్ణి. పది బిందెలు మోసి వచ్చిన మనిషితో ఒళ్లు వంచడం అలవాటు లేదన్నాను.

ఒకరోజు సాయంత్రం ఆమె కొంగు ముడిలో ఏదో గట్టిగా కనిపిస్తే విప్పి చూశాను. చిన్న బెల్లం ముక్క, నాలుగు వేయించిన చెనిక్కాయలు. అప్పుడు మా వాకిట్లో పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందరే అన్నాను, "దొంగతిండి తింటే జబ్బు ఎట్లా తగ్గుతాది?" అని. పిల్లలను వరుసలో నిలబెట్టి అడిగే గొంతుతో అన్నాను. ఆమె ఆ బెల్లం ముక్కను నా అరచేతిలో పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె కొంగున ఏమీ కట్టుకోలేదు.

అది జరిగి నాలుగు రోజులో అయిదు రోజులో. పొద్దున ఆమె నడక ముగించి, మాత్ర వేసుకుని, సంగటి ముద్ద గిన్నెలో పెట్టుకుని కూర్చోబోతుంటే కరెంటొచ్చిందని కేక వినిపించింది. గిన్నె మీద మూత పెట్టి బిందెలు తీసుకుని పోయింది. నేను స్కూలుకు తయారవుతున్నాను. మూడో విడత నీళ్లు తెస్తూ గట్టు మీద కళ్లు తిరిగి పడిపోయిందట. నేను పరుగెత్తేసరికి ఆమె తల అవ్వ ఒడిలో ఉంది. అవ్వ తన సంచిలోని బెల్లం నీళ్లలో పిసికి కొంచెం కొంచెం తాగిస్తోంది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర వంకరగా ఉంది, పడినప్పుడు చెయ్యి బిందె కింద నలిగిందట. నన్ను చూసి అవ్వ గొంతు పెంచలేదు.

"ఏమప్పా సారూ, నువ్వు సదువుకున్నోడివి గదా. రెండు బిందెలు మోసే కూలిదానిగ్గూడా కడుపుకింత పెట్టి పంపిస్తారు."

నా భార్య కళ్లు తెరిచి మొట్టమొదట అడిగింది, బిందె సొట్టపోయిందా అని.

కదిరిలో కట్టు కట్టించుకుని వచ్చాము. ఇక నీళ్లు నేను తేవలసి వచ్చింది. గట్ల మీద సైకిలు పోదు. మొదటి రోజు బిందె భుజం మీద పెట్టుకుంటే సగం నీళ్లు చొక్కా మీదే ఒలికాయి. బోరు దగ్గర ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అవ్వ మాత్రం, "సంకన పెట్టుకోప్పా, సిగ్గెందుకు, నడుము నీదే గదా," అంది. అయిదో బిందెకు నా గుండె చెవుల్లో కొట్టుకోవడం మొదలైంది. అలవాటు కొద్దీ జేబులోని స్టాప్‌వాచీ తీసి నాడి పట్టి చూసుకున్నాను. మైదానం చుట్టూ పరుగెత్తి వచ్చిన నా కబడ్డీ జట్టు పిల్లలకు ఎట్లా కొట్టుకుంటుందో అట్లాగే కొట్టుకుంటోంది.

ఆ రోజు ఇంటికి పోయి నేను చేసిన పనే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. తలుపు మీద నా పట్టికలో, కసరత్తు వరుసలో, "నీళ్లు, పది బిందెలు" అని రాసుకున్నాను. ఏ సందేహమూ రాలేదు. డాక్టరు కాగితం వెతికి, అడుగున ఉన్న ఆ వరుస చూసి, ఎన్ని కెలోరీలో కూడా సరిగ్గా ఎక్కించాను. ఆ రోజు ఒక ముద్ద ఎక్కువ తిన్నాను కూడా.

నాలుగో రోజు ఆమె మెడకు వేలాడే కట్టుతో వంటింటి తలుపు దగ్గర నిలబడి నా పట్టిక పై నుంచి కింది దాకా చదివింది. తర్వాత పక్కనున్న తన పట్టిక చదివింది.

"నువ్వు మోస్తే లెక్కకొచ్చినాయా ఇవి?" అంది.

ఒక్క మాట, తప్పు చేశానని అంటే సరిపోయేది. నేను వాదించాను. "నాకు అలవాటు లేని పని గాబట్టి నాకు కసరత్తు. నీకు అలవాటే గదా," అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. కోపంగా కాదు. దారిలో ఎదురైన మనిషి తెలిసినవాడా కాదా అని చూసినట్టు చూసి, పొయ్యి దగ్గరికి పోయింది.

కట్టు విప్పించడానికి పోయినప్పుడు డాక్టరు ఆమెను, నువ్వు రోజంతా ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. "ఏం పని లేదు సార్, ఇంట్లోనే ఉంటా. పొద్దున నడస్తా," అంది. వెటకారంగా అని ఉంటే నేను తట్టుకునేవాణ్ణేమో. ఆమె మామూలుగానే అంది. నా పట్టికలో ఉన్నదే అంది. అప్పుడు నేను లేచి, అర మైలు దూరం, పది బిందెలు, బట్టలు, పిండి దంచడం, బెల్లం ముక్క, అన్నీ ఒక్కటొక్కటే చెప్పాను. డాక్టరు నా వైపు ఒకసారి చూసి, మాత్ర సగానికి తగ్గించి, తిండి పెంచి రాశాడు. ఆ సాయంత్రమే పట్టికలు రెండూ చించేశాను. నీళ్లు సగం నేను మోయడం మొదలుపెట్టాను. మణికట్టు సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ ఆమె ఎడమ చేత్తో గిన్నె వంచలేదు.

కరువు మీదికి, కరెంటు మీదికి తోసేస్తే నా మనసు తేలికపడుతుందేమో. కానీ కరువు నీళ్లను లేకుండా చేసింది గానీ, ఆమె చెప్పిన మాటను లేకుండా చేసింది నేను.

ఇప్పుడు ఆ ఊళ్లో ఇంటింటికీ కుళాయి ఉందట. గట్ల మీద ఆ కాలిబాట గడ్డి మొలిచి కనిపించకుండా పోయిందట. ఇక్కడ మా ఇంట్లో మీట నొక్కితే నీళ్లు మిద్దె మీదికి ఎక్కుతాయి. ఇల్లు నేనే ఊడుస్తాను, గిన్నెలు తోముతాను, ఆమె మాత్రల వేళ నాకు నోటికొచ్చు. ఆమెకు ఎక్కడ ఏం నొప్పి పుట్టినా వినాలని చెవులు తెరుచుకుని కూర్చునే మగవాణ్ణి అయ్యాను, కాకపోతే చాలా ఆలస్యంగా. రోజూ నాకు చెప్పి చెప్పి, ఆ తలుపు ముందర ఆపేసిన మనిషి మళ్లీ చెప్పడం మొదలుపెట్టలేదు. దెప్పదు, అలగదు, నవ్వుతుంది, మాట్లాడుతుంది. తన ఒంటి సంగతి మాత్రం నా దగ్గర ఎత్తదు.

వాళ్లు తిరిగి వెళ్లిన వారానికి పాప ఫోను చేసి, అమ్మకు నెల రోజులుగా అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంట గదా నాయనా, డాక్టరుకు చూపించినావా అని అడిగింది. పక్క గదిలో ఉన్న మనిషి సంగతి నాకు బెంగళూరు నుంచి తెలిసింది. లోపలికి పోయి, ఆమె మంచం పక్కన కింద కూర్చుని, కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయా అని అడిగాను.

ఆమె కాళ్లు రెండూ చీర కిందికి ముడుచుకుని, "నీకెవరు చెప్పినారు?" అంది.