నాన్న బండికి సరిపడే ప్రాసెసర్

కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఇంజనీరింగ్ రెండో ఏడు చదివే రోజుల్లో అయితే ఎవరు ఏమన్నా చర్రుమనేవాడిని. దానికి తోడు, కంప్యూటర్ల గురించి విశాఖపట్నం మొత్తానికి నాకే ఎక్కువ తెలుసన్న ధీమా ఒకటి. అప్పటికి మా ఇంట్లో కంప్యూటరే లేదు. కాలేజీ లైబ్రరీకి వచ్చే పత్రికల్లో, ఏ గ్రాఫిక్స్ కార్డు ఏ ఆటని ఎంత వేగంగా ఆడిస్తుందో చెప్పే పట్టికలు మాత్రం కంఠతా వచ్చు. పరీక్షల పుస్తకాలు అంత శ్రద్ధగా చదివి ఉంటే మా ఇంట్లో చాలా గొడవలు తప్పేవి.

రెండువేల ఐదు ప్రాంతం మాట ఇది. మేం ఉక్కునగరంలో క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న స్టీల్ ప్లాంటులో డీజిల్ ఇంజన్ డ్రైవరు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కరిగిన ఇనుముని పెద్ద పెద్ద పాత్రల్లాంటి బళ్ళలో నింపితే, ఆ బళ్ళని తొణక్కుండా నెమ్మదిగా లాక్కెళ్ళి ఉక్కు తయారయ్యే చోట అప్పగించడం ఆయన పని. ఇరవై రెండేళ్ళు అదే చేశాడు. ఇంజన్ మోతలో మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు అలాగే స్థిరపడిపోయింది. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా వీధి చివరికి వినబడేది.

షుగర్ ఆయన ఎడమ కన్ను చూపుని తినేసింది. ప్లాంటువాళ్ళ మెడికల్ పరీక్షలో అది బయటపడింది. ఇక ఇంజన్ ఎక్కకూడదన్నారు. స్టోర్స్‌లో కూర్చుని చేసే పని ఇచ్చారు. ఎవరూ చిన్నచూపు చూడలేదు, అందరూ మర్యాదగానే ఉన్నారు. కానీ ఆయన మాట ఆగిపోయింది. ఏం అడిగినా ఊఁ, లేకపోతే సరే. ఎనిమిది నెలలు అంతే.

మొదట్లో నాకది హాయిగానే ఉందని ఒప్పుకోవాలి. ఇంట్లో తిట్టేవాడు లేడు. తర్వాత ఒక సబ్జెక్టు తప్పాను. కాలేజీవాళ్ళు తండ్రి సంతకం తెమ్మన్నారు. కాగితం ఆయన చేతికిచ్చి, రాబోయే తిట్లకి మనసులో జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆయన సంతకం పెట్టి కాగితం తిరిగి ఇచ్చేశాడు. ఒక్క ముక్క అనలేదు. నాకు భయం వేసింది. ఆ రోజు నుంచీ అమ్మా నేనూ ఒక్కదాని కోసమే ఎదురుచూశాం. ఈ మనిషి మళ్ళీ నోరు తెరిచి మాట్లాడాలి.

అంత భయపడ్డా నా స్వార్థం మాత్రం మానుకోలేదు. కాలేజీ ప్రాజెక్టులకి కంప్యూటర్ కావాలన్నాను. ఊఁ అన్నాడు. ప్రాజెక్టులూ లేవు, పాడూ లేదు. నాకు కావలసింది తుపాకులు పట్టుకుని పరిగెత్తే ఆటలు. ఆయన ఇస్తానన్న డబ్బులో మానిటరూ మిగతా సరంజామా పోగా, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండిట్లో ఒక్కటే మంచిది వస్తుంది. రెండోది చవక రకంతో సరిపెట్టుకోవాలి. నేను ఎప్పుడో తేల్చేసుకున్నాను. చవక ప్రాసెసర్, ఖరీదైన కార్డు. జాబితా రాసి జేబులో పెట్టుకుని, నాన్నని వెంటబెట్టుకుని బస్సెక్కాను.

ద్వారకానగర్‌లో మేడ మీద చిన్న కొట్టు. యజమానికి నాన్న వయసే ఉంటుంది, చొక్కా జేబులో పెన్ను బదులు స్క్రూడ్రైవర్. "మీదేవూరు బావా?" అని నాన్నని అడిగి, ఇద్దరిదీ శ్రీకాకుళం వైపేనని తేలాక బల్ల మీది డబ్బాలు పక్కకి జరిపి కుర్చీ వేశాడు. తర్వాత నా జాబితా చదివాడు.

"ఏ ఆట ఆడతావు అల్లుడూ?"

నాన్న వైపు చూడకుండా, "ప్రాజెక్టులకండీ" అన్నాను.

"పాజెక్టులకి ఈ కార్డేటి? ఇది యుద్దాలు సేసేవోళ్ళు కొంటారు" అని పకపకా నవ్వాడు. నాన్న నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. అక్కడే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి నాకు కోపం ఒక్కటే దారి. అద్దాల బీరువాలో ఉన్న ఆ కార్డు పెద్ద డబ్బా చూపించి అదే కావాలన్నాను. దాని మీద కవచం తొడుక్కున్న వీరుడు, వీరుడి పక్కన 256 ఎంబీ అని అరచేతి మందాన అంకె. ఆయన దాన్ని తీయకుండా, పక్కనున్న చిన్న డబ్బా తీశాడు.

"ఆ అంకె సూసే అందరూ పడిపోతారు. దాన్లో మెమరీ రెండింతలు, నిజమే. లోపల దారి ఇరుకు. దీన్లో మెమరీ సగమే గానీ దారి ఎడల్పు. పనికి ఇదే బాగుంటాది."

నేను పత్రికల పట్టికలు అప్పచెప్పడం మొదలుపెట్టాను. నా ధోరణిలో నేనుండగా పక్క నుంచి నాన్న గొంతు వినబడింది. "యార్డులో ఎన్ని బళ్ళుంటే ఏటి లాభం, బయటికి లైను ఒక్కటే అయితే."

ఎనిమిది నెలల్లో ఆయన నోటి నుంచి వచ్చిన అతి పెద్ద వాక్యం అది. నేను చెప్పబోతున్నది మర్చిపోయాను.

"అద్గదీ! బావకి తెలిసిపోనాది" అన్నాడు కొట్టాయన. "ఏటి సేత్తన్నావు బావా?"

"స్టోర్స్" అన్నాడు నాన్న.

"ఇంజన్ డ్రైవర్" అన్నాను నేను, ఎందుకన్నానో తెలియకుండానే.

కొట్టాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మూలనున్న రెండు కంప్యూటర్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. రెండిట్లోనూ ఒకే రైలాట పెట్టాడు. మొదటిదానిలో నేను రాసుకున్న సరుకే ఉంది. పెద్ద కార్డు, చవక ప్రాసెసర్. బొమ్మ బాగుంది గానీ, పొడుగాటి గూడ్సు బండి కదిలేసరికి తెర మీద ప్రతిదీ ఆగి ఆగి దూకుతోంది. రెండోదానిలో మంచి ప్రాసెసర్, చిన్న డబ్బా కార్డు. బండి సాఫీగా వెళ్ళిపోతోంది.

"వండేవోడు ఒక్కడు, వడ్డించేవోళ్ళు పదిమంది. అలగుంది నీ జాబితా" అన్నాడు నాతో. "పంక్తిలో కూకున్నోళ్ళు ఒట్టి ఆకులు సూసుకోవాల. నీ యుద్దాలకి బొమ్మలు గియ్యడమే పెద్ద పని, అది కార్డు సేసుకుంటాది. రైలుకి అలక్కాదు. ఒక్కో బండికీ బరువు, బ్రేకు, లాగుడు లెక్కెయ్యాల. అది ప్రాసెసర్ సెయ్యాల."

నాన్న ఇదేదీ వినడం లేదు. రెండో తెర ముందు నిలబడి చూస్తున్నాడు. ఆయన కుడి చెయ్యి నడుము ఎత్తున గాలిలో మెల్లగా మూసుకుంటోంది, తెరుచుకుంటోంది. కొట్టాయన మీట నొక్కి బండి ఆపాడు.

"బ్రేకు అలగ ఒక్కసారి ఎయ్యకూడదు. ఎనక బళ్ళు తోసేత్తాయి" అన్నాడు నాన్న.

"నువ్వు కూకో బావా."

"ఒద్దులే" అని వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు ఏమీ కొనలేదు. బస్టాపులో మాత్రం నా వైపు చూడకుండా, "నీకేది కావాలో అదే కొనుక్కో. నాకేటి తెలుసు" అన్నాడు.

మూడు రోజులు మొహం ముడుచుకుని తిరిగాను. మనసు రెండుగా చీలిపోయిందని రాస్తే వినడానికి బాగుంటుంది గానీ, చీలలేదు. నాకు ఆ పెద్ద కార్డే కావాలి. సినిమా చూస్తున్నప్పుడు ఎవరో ముందు వచ్చి నిలబడ్డట్టు, గాలిలో కదిలిన ఆ చెయ్యి మాత్రం అడ్డం వస్తోంది. చివరికి అదే జాబితా పట్టుకుని ఒక్కడినే కొట్టుకి వెళ్ళాను.

కొట్టాయన జాబితా అందుకోకుండానే అన్నాడు. "నిన్న మీ నాన్న ఒచ్చెల్లాడు. ఆడు ఏది రాసుకుంటే అదే ఎట్టు బావా, రైలుబండి మాట ఆడికి మరి గుర్తు సెయ్యకు అన్నాడు. ఎల్లేటప్పుడు ఆ మూల ఓ పావుగంట నిలబడ్డాడు. మిసన్లు ఆపేసున్నాయి అల్లుడూ. ఒట్టి తెర సూత్తా నిలబడ్డాడు."

నాకు ముందు వచ్చింది కోపమే. నన్ను అడగకుండా నా మంచీచెడ్డా గురించి ఈ పెద్దమనుషులిద్దరూ మాట్లాడుకోవడమేమిటని. ఆ కోపంలోనే పెన్ను అడిగి పుచ్చుకుని జాబితాలో పెద్ద కార్డు మీద, చవక ప్రాసెసర్ మీద గీత గీసేశాను, మంచి ప్రాసెసర్ రాశాను, కింద చిన్న డబ్బా కార్డు రాశాను. రాశాక ముక్కు కారింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన చూడనట్టు అటు తిరిగి ఏదో స్క్రూ బిగిస్తూ కూర్చున్నాడు.

పెద్ద కార్డు అమ్మితే ఆయనకే ఎక్కువ మిగిలేదన్న సంగతి నాకు చాలా ఏళ్ళకి గానీ తట్టలేదు. అప్పుడు కనీసం వస్తానండీ అని కూడా చెప్పలేదు. ఆయన ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కంప్యూటర్ ఇంటికి వచ్చింది. నాన్న వారం దాకా దాని దరిదాపులకి రాలేదు. ఒక ఆదివారం పొద్దున్న రైలాట పెట్టి, బండి బయల్దేరదీసి, పేపర్ చదువుతున్న ఆయన్ని పిలిచాను. "నాన్నా, గాజువాకలో మాకు క్రికెట్ మ్యాచ్ ఉంది. ఈ బండి కాస్త చూస్తుండు, నేను వచ్చి తీసుకుంటా." ముందుకి ఏ మీట, బ్రేకుకి ఏ మీట చూపించాను. ఆయన కూర్చుంటాడో లేదో చూసే ధైర్యం లేక గబగబా బయటపడ్డాను.

మ్యాచ్ అయి ఇంటికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏటి సెప్పి ఎల్లావురా ఆయనకి? పొద్దున్న కూకున్న మనిసి లెగలేదు. అన్నానికి రమ్మంటే రిలీవర్ రాలేదంతన్నాడు!"

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ప్లాంటులో ఇంజన్ డ్రైవర్ డ్యూటీ అయిపోయినా దిగిపోవడానికి లేదు. తర్వాతి షిఫ్టు డ్రైవర్, అంటే రిలీవర్, ఇంజన్ ఎక్కాలి. వెనక ఏముందో, ముందు ఏముందో ఇతను చెప్పాలి. అతను "తీసుకున్నాను" అనాలి. అప్పుడే దిగాలి. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు కూడా అక్కడే. నాన్న అలా పదహారు గంటలు కూర్చున్న రోజులు ఎన్నో ఉన్నాయి. నేను గాలికి అన్న మాటని ఆయన డ్యూటీగా తీసుకున్నాడు.

నవ్వుకుంటూనే గదిలోకి వెళ్ళాను. తెర మీద గూడ్సు బండి ఎర్ర సిగ్నల్ ముందు నిలబడి ఉంది. నాన్న మీటల మీద చెయ్యి తియ్యకుండా, వెనక్కి తిరగకుండా, "ఆలీసం సేసావు" అన్నాడు.

"నాన్నా, ఇదిగో ఈ మీట నొక్కితే ఆట ఆగిపోతుంది. వెళ్ళి తినేసి రావచ్చు."

"డైవర్ దిగిపోయిన బండి ఆగే ఉంటాదని ఎవుడు సెప్పగలడు?"

 తెరకేసి చూస్తూనే, పక్కనున్న నాకు మాత్రమే వినబడేంత చిన్న గొంతుతో మళ్ళీ అన్నాడు. "ఆ దినం నాను ఎవుడికీ అప్పసెప్పలేదురా. పరీక్సకి రమ్మన్నారని కబురొత్తే, మా హెల్పర్‌ని ఇంజన్‌లో కూకోబెట్టి, పది నిమిసాల్లో ఒచ్చేత్తానని దిగాను. మరి ఎక్కనివ్వలేదు."

 ఆయన బాధ కన్ను గురించని ఎనిమిది నెలలు అనుకున్నాం, అమ్మా నేనూ. ఇంతకాలం మనసులో ఆయన ఇంకా ఇంజన్‌లోనే ఉన్నాడు, రిలీవర్ కోసం చూస్తూ.

కుర్చీ పక్కకి వెళ్ళి నిటారుగా నిలబడ్డాను. "చెప్పు నాన్నా. తీసుకుంటాను."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎనక ఇరవై నాలుగు బళ్ళు. అన్నీ లోడే. దిగుడులో ఉన్నాం. బ్రేకు కట్టి ఉంది. ముందర ఎర్ర."

"తీసుకున్నాను" అన్నాను.

ఆయన లేచాడు. మోకాళ్ళు పట్టేసి ఉంటాయి, బల్ల పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. నేను కూర్చున్నాను. సిగ్నల్ పచ్చగా మారింది. నాకు పత్రికల పట్టికలు వచ్చు గానీ బండి నడపడం ఏం వచ్చు? బ్రేకు మొత్తం ఒక్కసారి వదిలేసి వేగం మీట నొక్కేశాను. బండిని బండి తోసుకుంటూ తెరంతా ఎగిరిపడింది.

"ఓరి ఎదవా! బ్రేకు అలగేనా ఒదులుతారు? ఎనక బళ్ళు ఏటైపోవాల? కళ్ళున్నాయా నీకసలు?"

వీధంతా దద్దరిల్లింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆయన ఆపలేదు. బ్రేకు గురించి తిట్టాడు, ఆదివారాల క్రికెట్ గురించి తిట్టాడు, తప్పిన సబ్జెక్టు గురించి తిట్టాడు, ప్రాజెక్టులని అబద్ధం చెప్పినందుకు తిట్టాడు. అమ్మ ఏడుస్తూనే అన్నం కలిపి కంచం ఆయన చేతిలో పెట్టింది. నా కుర్చీ వెనకే నిలబడి తింటూ, ముద్దకీ ముద్దకీ మధ్యలో తిడుతూనే ఉన్నాడు.

మాట పడని నేను ఒక్క ఎదురుమాట లేకుండా పట్టాలకేసి చూస్తూ కూర్చున్నాను. మూడో సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి బ్రేకు ఎలా వదలాలో నాకు బాగానే అర్థమైంది. అయినా మళ్ళీ తప్పుగానే వదిలాను.