పడుకున్న జింకను లేపకూడదు

మా బావకు వేట పిచ్చి కెనడా వచ్చాకే పట్టుకుంది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కోడిని కోస్తుంటే షాపు బయట అటు తిరిగి నిలబడేవాడు. బర్నబీలో ఉద్యోగంలో చేరాక, ఆఫీసులో ఎవరో తెల్లాయన వెంట ఒకసారి అడవికి పోయొచ్చాడు. ఆ మరుసటి ఏడే కోర్సు చేసి, పరీక్ష రాసి, లైసెన్సూ తుపాకీ రెండూ తెచ్చుకున్నాడు. "కోడిని చూస్తేనే కళ్ళు మూసుకునేటాయన జింకను కొడతాడంట" అని మా అక్క పడీ పడీ నవ్వేది. నవ్వినా, ఆయన తెచ్చిన జింక కార్జాన్ని అదే రోజు మిరియాలు దంచి వేసి వేయించేది. వడ్డించకముందే సగం పెనం దగ్గర నిలబడే తినేసేది.

అక్క క్యాన్సర్‌తో పోయిన ఏడాదికి పెత్రమాస వచ్చింది. మా పాలమూరు వైపు ఆ అమావాస్య నాడు, పోయినవాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి విస్తరిలో పెడతాం. మాంసం తిన్నవాళ్ళకు మాంసమే పెడతాం. బావ నెల ముందునుంచే అంటున్నాడు, "మీ అక్కకు జింక కార్జమే పెట్టాలిరా. కొనుక్కొచ్చిన మేక కార్జం పెడితే నా మొఖాన కొడ్తది." అందుకే అమావాస్యకు ముందు శనివారం ఇద్దరం కారేసుకుని కొండలు దాటి లోపలి అడవుల్లోకి పోయాం. నేను వేటగాణ్ణి కాను. బరువులు మోయడానికి, కాఫీ పోయడానికి, నోరు మూసుకుని ఉండమంటే ఉండడానికి వెళ్తాను. ఆ మూడోదే నాకు కష్టం.

తెల్లారిన కాసేపటికి పైన్ చెట్ల అంచున ఒక మగ జింక కనబడింది. బావ కాల్చాడు. అది వీపు వంచి ఎగిరి చెట్లలోకి పోయింది. అది నిలబడ్డ చోటికి వెళ్ళి చూస్తే గడ్డి మీద నెత్తురు నల్లగా, చిక్కగా ఉంది. ఎర్రగా నురుగుతో ఉంటే ఊపిరితిత్తులకు తగిలినట్టు, జంతువు దగ్గర్లోనే పడిపోయి ఉంటుంది. నల్లనెత్తురంటే కార్జానికి తగిలిందని అర్థం. అప్పుడు వెంటపడకూడదు. ఇదంతా నాకు నేర్పింది బావే. అలా దెబ్బ తిన్న జింక కొంచెం దూరం పోయి పడుకుంటుంది. వెనక ఎవరూ రావడం లేదనుకుంటే పడుకున్న చోటే ప్రాణం వదులుతుంది. మనిషి అలికిడి వినబడితే మాత్రం, మిగిలిన ప్రాణమంతా కాళ్ళలోకి తెచ్చుకుని లేచి పరిగెడుతుంది. కాబట్టి గంటల తరబడి కూర్చోవాలి.

కూర్చున్నాం. నేను ఫ్లాస్కు మూత తీశానో లేదో బావ లేచి నిలబడ్డాడు. సన్నగా తుంపర మొదలైంది.

"వాన నెత్తురు కడిగేస్తది. పోదాం పా."

"బావా, వెయిట్ చెయ్యాలని నువ్వే కదా చెప్పింది?"

"ఆలస్యం అమృతం విషం అన్నరు."

ఆ తుంపరకు నా కళ్ళద్దాలు కూడా సరిగ్గా తడవలేదు. ఆ సామెత మాత్రం నాకు కొత్త కాదు, ఆసుపత్రిలో చాలాసార్లు విన్నాను. ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళండని డాక్టర్లు చెప్పాక కూడా బావ ఊరుకోలేదు. ఎక్కడో కొత్త మందు ట్రయల్ ఉందన్నాడు, అప్లై చేశాడు, అది అయ్యాక ఇంకోటి వెతికాడు. అక్క మాత్రం ఒకటే అడిగేది. "ఇంటికి పోదాం. బాల్కనీల కుర్చీ వెయ్యి, చాలు నాకు." "ముందు ఈ కోర్సు అయిపోనీ" అనేవాడు బావ. ఆ కోర్సు అవుతుండగానే, ముక్కుకూ నోటికీ గొట్టాలతో, ఆ వార్డులోనే పోయింది. నాకు ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది. ఏడాదైనా తగ్గలేదు. ఆ రోజు అడవిలో ఆయన వెనక నడుస్తున్నప్పుడు కూడా అది నాతోనే ఉంది.

నెత్తురు చుక్క కనబడ్డ చోటల్లా కొమ్మకు నారింజరంగు రిబ్బను ముక్క కట్టడం నా పని. వెనక్కి తిరిగి చూస్తే ఆ ముక్కల్ని బట్టి జింక ఎటు పోతోందో తెలుస్తుంది. ఆకు మీద చుక్క, రాయి మీద మరక, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. వంగి వంగి నా నడుం పట్టేసింది. అంతలో ముందున్న పొదల్లో ధబధబమని చప్పుడైంది. బూడిదరంగు వీపొకటి లేచి, తూలుతూ వాలు దిగి మాయమైంది.

పొద వెనక గడ్డి అణిగిపోయి ఉంది. జింక పడుకున్న చోటు. మధ్యలో నెత్తురు మడుగు కట్టింది. బావ మోకాళ్ళ మీద కూర్చుని ఆ గడ్డి మీద చెయ్యి పెట్టాడు.

"ఇంకా వెచ్చగుందిరా" అన్నాడు. ఆ చెయ్యి తీయలేదు. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది, ఆయన మొహం చూసి మింగేశాను.

అక్కడే కూలబడి ఉండిపోయాం. కాసేపటికి నిజంగానే వాన వచ్చింది, చుక్కలన్నీ కొట్టుకుపోయాయి. మధ్యాహ్నం దాకా వాలంతా గాలించాం. చివరికి కింద వాగు పక్కన, దట్టమైన కొమ్మల మధ్య కనబడింది. పడుకుని ఉంది. తల మాత్రం ఎత్తి మా వైపే చూస్తోంది. తూటా పోయేంత సందు లేదు. నేను ఇంకో అడుగు వేయబోతే బావ నా జాకెట్ పట్టుకుని కిందికి లాగాడు.

"వద్దు. కూసో. ఈసారన్న పండనియ్యి."

తడిసిన మొద్దు మీద ఇద్దరం కూర్చున్నాం. జింక తల కొంచెం వాలేది, మళ్ళీ లేచేది. బావ దాన్నే చూస్తూ చాలా మెల్లగా అన్నాడు, "మీ అక్కను గూడ ఇట్లనే లేపినరా నేను. పండుకుంటనంటే వినలే. లేపి లేపి ఉరికించిన."

ఏడాదిగా నేను ఆయన్ని అనాలనుకున్న మాట అదే. ఆయన నోటి నుంచే వినేసరికి నాకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. జింక తల మళ్ళీ లేవకుండా వాలిపోయేదాకా ఇద్దరం కదల్లేదు.

బావ దగ్గరికి పోయి, కట్టెపుల్లతో కంటిని తాకి, పోయిందని రూఢి చేసుకున్నాడు. ఈ జింకను కొట్టినట్టు లెక్కకు, లైసెన్సుతో ఇచ్చిన కాగితం ట్యాగ్‌కి గాట్లు పెట్టాడు. తర్వాత నేనెప్పుడూ చూడని పని చేశాడు. నీళ్ళ సీసా మూత తీసి దాని నోట్లో ఇన్ని నీళ్ళు పోశాడు. అక్క నోట్లో పోయడానికి గొట్టాలు అడ్డమొచ్చాయి.

జింకను వెల్లకిలా తిప్పి వెనక కాళ్ళు నన్ను పట్టుకోమన్నాడు. రెండు వేళ్ళ మధ్య కత్తి మొన పెట్టి, లోపలి సంచి తెగకుండా పొట్ట మీద తోలు చీల్చుకుంటూ వచ్చాడు. ఆవిరి లేచి నా కళ్ళద్దాలు మసకబారాయి. లోపల అప్పటికే గబ్బు వాసన. తూటా కార్జాన్ని తునకలు చేసి పేగుల్ని కూడా చింపింది. పరిగెత్తినంతసేపూ అన్నీ కలిసిపోయాయి. బావ మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాడు.

"ఇంత ముక్కయినా దొరకదా" అన్నాడు నా వైపు చూసి. దొరకలేదు. పేగులన్నీ బయటికి లాగి, నీళ్ళతో కడిగి, చల్లారాలని పొట్టలో అడ్డంగా పుల్ల పెట్టాం. చెడిపోయిన చోట కోసి పారేసి, తొడలూ భుజాలూ గుడ్డసంచుల్లో వేసుకుని మోసుకొచ్చాం. దారిలో రిబ్బను ముక్కలన్నీ ఆయనే విప్పి జేబులో పెట్టుకున్నాడు.

అమావాస్య నాడు తొడ మాంసం మిరియాలు వేసి నేనే వండాను. అక్క వండినట్టు రాలేదు. బావ విస్తరి తీసుకుని బాల్కనీలోకి పోతే వెనకే వెళ్ళాను. నేల మీద పెడతాడనుకున్నాను. లోపలికి వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గరి కుర్చీ ఒకటి తీసుకుపోయి, ఎండ పడేవైపు తిప్పి వేసి, దాని మీద పెట్టాడు. బర్నబీలో కాకులకు కరువు లేదు, సాయంత్రమైతే ఆకాశం నిండా అవే. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక్కటీ రాలేదు. నేను రెయిలింగ్ దగ్గర నిలబడి "కా, కా" అని పిలవబోయాను.

"పిలవకురా" అన్నాడు బావ గుమ్మంలో కూర్చుంటూ. "ఎప్పుడు రాబుద్ధయితే అప్పుడొస్తది."

నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. ఆ ఇంట్లో అక్క అడిగిన కుర్చీ వేసింది ఆ రోజే.