అక్క గెలిచిన ప్రశ్న

దర్జీ దుకాణంలో చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిడను అందరూ కాజాలక్క అనేవారు. ఆవిడ తమ్ముడు సిటీ బస్సు కండక్టరు. వాడికి తెలియని సంగతి లేదు. ఏ కోట ఏ రాజు కట్టించాడు, మొదటి మాటల సినిమా ఎప్పుడొచ్చింది, జిరాఫీ మెడలో ఎన్ని ఎముకలు... టిక్కెట్టుతో పాటు ఒక ప్రశ్న కూడా చేతిలో పెట్టేవాడు. కొందరు ఆ బస్సు ఎక్కేది అందుకే. కొందరు దాన్ని వదిలేసి వెనక బస్సు ఎక్కేదీ అందుకే.

అక్కాతమ్ముళ్లకు చిన్నప్పటి నుంచీ ఒక నియమం ఉంది. ఫోను ఎత్తినవాళ్లు ముందు ప్రశ్న అడగాలి. చేసినవాళ్లు జవాబు చెబితేనే మాటలు. తెలియకపోతే పెట్టేసి, తెలుసుకుని మళ్లీ చేయాలి. అక్క ఎన్నిసార్లు ఓడిందో లెక్కలేదు. తమ్ముడు మాత్రం ఒక్కసారీ ఓడలేదు. వీళ్ల చాదస్తం చూసి మరదలు తల పట్టుకునేది.

ఆ మధ్యాహ్నం ఫోను మోగింది. తమ్ముడే. అక్క సూది చొక్కాకు గుచ్చి, ఉత్సాహంగా ఎత్తింది.

"చెప్పరా, నేల మీద తిరిగే జీవాల్లో అన్నిటికన్నా పెద్ద కన్ను దేనికి?"



"తెలీదక్కా."

"ఏమన్నావూ? మళ్లీ అను."

"నిజంగానే తెలీదు. ఓడిపోయాను."

"అయితే తెలుసుకుని చెయ్, పో" అని ఆవిడే ఠక్కున పెట్టేసింది. ఇక కాలు నేల మీద నిలిస్తేనా! ప్రతి మిషను దగ్గరికీ వెళ్లి చెప్పింది, అందరికీ టీలు తెప్పించింది. జన్మలో మొదటిసారి తమ్ముణ్ణి ఓడించింది మరి.

సాయంత్రం తమ్ముడి నంబరు నుంచి మరదలు ఫోను చేసింది. తమ్ముడే అనుకుని అక్క ప్రశ్న వెతుక్కునేలోపే ఏడుపు వినిపించింది. పొద్దున తమ్ముడికి గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చారట. ఆపరేషను బల్ల మీదే ప్రాణం పోయిందట.

ఆ రోజు నుంచి అక్కకు ముద్ద దిగలేదు. ఆపరేషనుకు వెళ్లబోతూ వాడు ఏదో చెప్పాలని చేశాడు, తాను నోరు తెరవనివ్వలేదు. ఆ మాటేమిటో తెలియకపోతే పిచ్చెక్కేలా ఉంది. చివరికి మరదల్ని అడిగింది.

"సంగతి మీకు చెప్పడానికే చేశారు వదినా. నేను చెబితే కంగారుపడతారని, తనే చెబుతానన్నారు. మీ గొంతు వినేసరికి చెప్పలేకపోయారు."

"మరి జవాబు తెలీదన్నాడే?"



"ఫోను పెట్టేశాక నావైపు చూసి 'నిప్పుకోడి' అన్నారు. 'అక్క ఎంత మురిసిపోతోందో! ఇవాళ్టికి అలాగే ఉండనీ, రేపు చెబుదాంలే' అన్నారు."

తమ్ముడు తన కోసం కావాలని ఓడాడని తెలిశాక ఆ దుఃఖం రెట్టింపైంది. అక్క కుప్పకూలి భోరుమంది.

"ఆ జవాబేదో చెప్పి ఉంటే, ఇంకాసేపు మాట్లాడుకునేవాళ్లం కదరా."