మరిసోల్ అమ్మమ్మ పాటలో చివరి రెండు పాదాలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా అలాంటి కథలు చెబితే లేచి వెళ్ళిపోయేదాన్ని. అందుకే ఇది ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

2002లో లండన్ ఈస్ట్ హామ్‌లో, గుంటూరు సుబ్బారావు అంకుల్ ఇంట్లో మేడమీద గది అద్దెకు తీసుకున్నాను. పక్క గదిలో మరిసోల్ ఉండేది. కొలంబియా సముద్రతీరం నుంచి వచ్చిన నల్లమ్మాయి. పగలు హాస్పిటల్ క్యాంటీన్‌లో పని, మిగతా టైమంతా రాత. ఆమె అల్మారా నిండా క్యూబా, పనామా, బ్రెజిల్ నల్లవాళ్ళు రాసిన పుస్తకాలే.

"నన్ను చూసి జమైకానా అంటారు. స్పానిష్ మాట్లాడితే ఎక్కడ నేర్చుకున్నావంటారు. అది మా అమ్మ భాషంటే నమ్మరు" అనేది, నా పప్పుచారు అన్నంలో కలుపుకుంటూ. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ఆమె రాస్తున్నది వాళ్ళ అమ్మమ్మ గురించి. చదువురాని ఆవిడ సొంతంగా పాటలు కట్టేదట. ఒక పాటలో చివరి రెండు పాదాలు మరిసోల్‌కు గుర్తులేవు. అమ్మమ్మ పోయి పదేళ్ళు. ఊళ్ళో ఇంకెవరికీ ఆ పాట రాదు. పుస్తకం అక్కడే ఆగిపోయింది.

ఒక శనివారం మధ్యాహ్నం వంట చేస్తుంటే మరిసోల్ గదిలోంచి ముసలావిడ పాడటం వినిపించింది. ఒకటే పాట, మళ్ళీ మళ్ళీ. చుట్టాలెవరో వచ్చారనుకున్నాను. అర్థం అడుగుదామని ఒక కవరు వెనక తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను.

సాయంత్రం మరిసోల్ వచ్చి గది తాళం తీసింది. లోపల ఎవరూ లేరు.

ఇద్దరం కిందికెళ్ళి అంకుల్‌ని అడిగాం. "పొద్దుట్నుంచీ వీధి తలుపుకి రంగేస్తా ఉన్నానమ్మా, ఎవరూ రాలా. పాటైతే నేనూ విన్నా" అన్నారు.

అక్కడే నిలబడి, రాసుకున్నది చదివాను. మొదటి రెండు పాదాలూ మరిసోల్ నాతో కలిసి పలికింది. మూడోదానికి ఆగిపోయింది. నేను చదువుతూనే ఉన్నాను. ఆమె మెట్లమీద కూర్చుండిపోయింది.

"ఆ చివరి మాట మళ్ళీ చదువు."

"మోరీ."

"నన్నలా పిలిచేది ఆవిడొక్కతే."

తర్వాత నా అక్షరాల కింద స్పానిష్‌లో రాసుకుని, అర్థం చెప్పింది: నదికి నీ పేరు చెప్పి ఉంచాను, నువ్వు ఏ రేవులో దిగినా గుర్తుపడుతుంది, మోరీ.

మూడేళ్ళకు పుస్తకం వచ్చింది. ఆ పాట అందులో పూర్తిగా ఉంది.

రేడియో అనుకుందామంటే, ఆ పాట ఎవరూ రికార్డు చేయలేదు. నా ఊహ అనుకుందామంటే, నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. పాడింది ఎవరో ఈ రోజుకీ తెలియదు. పాట మధ్యలో ఆవిడ ఒకసారి దగ్గి, గొంతు సవరించుకుంది. అది కూడా విన్నాను.