గేటు మీది మూడు

చిలమత్తూరులో బసప్ప చేతిరాత తెలియనివాళ్ళు లేరు. తెలుగైనా కన్నడమైనా గోడ మీద ముత్యాల్లా కూర్చోబెట్టేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక అంగళ్ళవాళ్ళు అతన్ని మరిచారు. అయినా మొహం ముడుచుకునే మనిషి కాదు. ఎవరు పిలిచినా రంగు డబ్బాలు మోపెడ్‌కు తగిలించుకుని బయల్దేరేవాడు.

మొన్న డిసెంబరులో హైస్కూలు లెక్కల టీచరు కృపాకుమారి కబురు పెట్టింది. గణిత దినోత్సవానికి ప్రహరీ గోడ మీద ఒక సంఖ్య రాయాలట. చీటీ అందించింది: 73939133.

"ఇది ఎవురి ఫోను నంబరు మేడమ్? రెండంకెలు తక్కువుండాయే," అన్నాడు బసప్ప.

ఆమె నవ్వింది. "ఫోనుది కాదన్నా, ప్రధాన సంఖ్య. ఒకటి, తాను తప్ప వేరే ఏ సంఖ్యా దీన్ని శేషం లేకుండా భాగించలేదు. కుడిపక్క చివరంకె తీసెయ్, మిగిలింది కూడా ప్రధాన సంఖ్యే. ఇంకోటి తీసెయ్, అదీ అంతే. ఏడొక్కటే మిగిలేదాకా ఇదే వరస."

బసప్పకు నమ్మకం కుదరలేదు. ఇంటికి పోయి, మొదటి రెండంకెలతో చూద్దామని వాకిట్లో డెబ్బైమూడు వేరుశనగ కాయలు పోసుకుని సమానమైన వరసలు పేర్చబోయాడు. ఎట్లా పేర్చినా కొన్ని మిగిలిపోతూనే ఉన్నాయి. అతని భార్య అక్కమ్మ కాసేపు చూసి, ఒక కాయ ఒలుచుకుని నోట్లో వేసుకుంది.

"ఇప్పుడు పేర్చు."

తొమ్మిదేసి కాయలతో ఎనిమిది వరసలు చక్కగా కుదిరాయి.

"లెక్కనే తినేసినావు కదే!" అని బసప్ప పడీపడీ నవ్వాడు.

మర్నాడు ఆ హుషారులోనే, గోడ కొలవకుండా తలుపంతేసి అంకెలు మొదలుపెట్టాడు. ఏడో అంకె ముగించేసరికి గోడ అయిపోయింది. ఆ తర్వాత రేకు గేటే! చేతిలో కుంచెతోనే టీచరు దగ్గరికి పరుగెత్తాడు.

"తప్పైపోయినాది మేడమ్. అంతా చెరిపి మల్లా రాస్తా."

కృపాకుమారి వచ్చి చూసి చప్పట్లు కొట్టింది. "చెరపొద్దన్నా! చివరి మూడు గేటు మీద రాయి. గేటు వేసింటే ఎనిమిదంకెలు, తీసింటే ఏడు. ఏది చదివినా ప్రధాన సంఖ్యే."

బసప్ప రాశాడు. రంగు ఆరాక గేటు లోపలికి తోశాడు, మూడు మాయమైంది. లాగాడు, వచ్చి వరసలో నిలబడింది. అతని మొహం వెలిగిపోయింది.

గణిత దినోత్సవం నాడు పిల్లలకంటే పెద్దలే గేటు చుట్టూ ఎక్కువ మూగారు. గొర్రెలు మేపే ఆదెప్ప గేటును తీసి వేసి, తీసి వేసి, "ఏమప్పా బసప్పా, ఈ మూడు ఉన్న్యా లేకపోయినా ఒకటేనా?" అని అడిగాడు.

"యాడ ఒకటన్నా! సంఖ్య మారతాది. గుణం మారదు," అన్నాడు బసప్ప, నిన్నమొన్న తనకే తెలియని సంగతి పుట్టుకతోనే తెలిసినట్టు. ఆ ఊపులో టీచరు వైపు తిరిగాడు. "గేటుకు ఆపక్క స్తంభం ఖాళీగా ఉండాది మేడమ్. ఇంకో అంకె ఏసేద్దామా?"

"లేదన్నా. దీని ఎనక ఏ అంకె పెట్టినా ఆ గుణం పోతాది. ఈ రకం సంఖ్యల్లో ఇదే అన్నిటికంటే పెద్దది."

"అట్లయితే ఆ స్తంభం నాదే!"

అందరూ నవ్వుతుండగా బసప్ప కుంచె రంగులో ముంచి, స్తంభం మీద వంపులు తిప్పుతూ తన పేరు రాసుకున్నాడు.