గుట్ట కింద వదిలిన నీళ్లు

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్లూ ఈ బరువు గుండె మీద పెట్టుకునే ఉద్యోగం చేశాను, తిరుమలగిరిలో ఇల్లు కట్టాను, మనవల్ని ఎత్తుకున్నాను. మా ఆవిడకి తెలీదు. దేవుడి ముందు కూడా నోరు విప్పలేదు. ఏదో తప్పు చేశాను స్వామీ, అని దండం పెట్టి వచ్చేసేవాణ్ణి. ఏదో తప్పేమిటి? ఏ తప్పో నాకు బాగా తెలుసు.

మాది విజయనగరం వైపు. నీళ్ల శాఖలో ఇంజనీరుగా సికింద్రాబాద్ వచ్చాను. అప్పుడు ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ మాటే. పడమటి వైపు బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. వాటికి కొత్త రోడ్లు, కొత్త పైపులు. మా వైపుకొచ్చేసరికి ఖజానాలో డబ్బు లేదనేవారు. మౌలాలి గుట్ట కింద ఒక బస్తీకి వెళ్లే పైపు మురికికాలవ పక్కన పగిలింది. బాగు చేయించాలని పైకి రాస్తే నిధులు లేవు, ఆగమన్నారు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టరు మనుషుల్ని పంపడం మానేశాడు. ట్యాంకర్లూ ఆగిపోయాయి. నడి ఎండాకాలం. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చునేవారు. నన్ను తిట్టేవారు, శాపనార్థాలు పెట్టేవారు.

ఆ తిట్లు పడలేక, పగిలిన పైపులోంచే నీళ్లు వదలమన్నాను. వాల్వులు తిప్పే నర్సింలుకి ఆ మాట చెప్పింది నేనే. కాలవ నీళ్లు కలుస్తాయని తెలీదా? తెలుసు. కాచుకుని తాగుతారులే అనుకున్నాను. కాచుకోమని ఎవరైనా వాళ్లకి చెప్పాలి కదా. అదీ చెప్పించలేదు.

వారం తిరక్కుండా బస్తీలో వాంతులు, విరేచనాలు. సర్కారు దవాఖానాలో సెలైన్ లేదు, బయట కొనుక్కురమ్మన్నారట. తెచ్చేలోగా ఒక చిన్నపిల్ల ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున్నే బస్తీ మొత్తం వచ్చి పడింది. గేటు ఊడబీకారు. రాళ్లకి కిటికీ అద్దాలు నా బల్ల మీద కురిశాయి. ఎవరో నా కాలరు పట్టుకుని గోడకేసి కొట్టారు. నోట్లో ఉప్పగా రక్తం. పిల్ల నాయనమ్మ అనుకుంటాను, ఆవిడ ముందుకొచ్చింది. అరవలేదు.

"ఆ నీళ్లు ఎవలు వదిలిన్రు?" అంది.

"అమ్మా, పైపు బాగు చేయడానికి ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవు. నేను రాశాను..."

"పైసల్లేవా?" వెనకనుంచి ఒక కుర్రాడు. "మరి అటు దిక్కు రోడ్లెట్ల ఏస్తున్రు? సచ్చేటందుకు మేమే దొరికినమా?"

మళ్లీ తల గోడకి తగిలింది. ఈసారి కళ్లకి చీకట్లు కమ్మాయి. అప్పుడు నోరు తెరిచాను. వాల్వు తిప్పేది నర్సింలు, నేను వద్దన్నా వినకుండా వదిలాడు అన్నాను. అంతటితో ఆగానా? మీకు రావాల్సిన ట్యాంకర్లు హోటళ్లకి అమ్ముకుంటున్నాడు అని కూడా అన్నాను. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలీదు. అంత సులువుగా వచ్చింది.

సరిగ్గా అప్పుడే నర్సింలు రోజూలాగే సైకిలు దిగుతున్నాడు. వాల్వు తిప్పే పొడుగాటి ఇనపరాడ్డు భుజాన ఉంది. నన్ను వదిలేసి అందరూ అటు పరిగెత్తారు, ముందు దాన్నే లాక్కున్నారు. మొదటి దెబ్బకి మోకాలు విరిగిన చప్పుడు లోపలున్న నాకు వినిపించింది. పడిపోయాక కాళ్లతో, రాళ్లతో, ఖాళీ బిందెలతో కొట్టారు. అతను పాకుతూ పాకుతూ మెట్లెక్కి, లోపలికొచ్చి నా కాలు పట్టుకున్నాడు.

"సార్, మీరే చెప్పుండ్రి. మీరు తిప్పమంటెనే గద సార్ తిప్పిన."

వెనక మెట్ల దగ్గర గుంపు, బల్ల అడ్డం ఉండి మా కాళ్లు వాళ్లకి కనబడవు. ఆ మాట వాళ్లు వింటే? నేను తన్నాను. విడిపించుకోడానికి తన్నాను, అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ అతని చేయి ఒక్క తన్నుకే వదిలేసింది. తలెత్తి నావైపు చూశాడు. రెండు కళ్లూ బాగానే ఉన్నాయి. ఆ ముఖం మీద మళ్లీ తన్నాను. సైట్లకి వేసుకునే బరువైన బూటు. కుడికంటి మీద పడింది. అతని వేళ్ల సందుల్లోంచి రక్తం కారింది.

రెండోసారి ఎందుకు తన్నాను? భయమే అయితే ఒకటి చాలు. అది కోపం. ఆగమన్న పైవాళ్లు నాకు అందేవాళ్లు కాదు, బస్తీవాళ్ల మీద చెయ్యెత్తలేను, కాలికి అందినవాడు అతనొక్కడే. ఈ మాట ఒప్పుకోడానికి నాకు ఇంతకాలం పట్టింది.

పోలీసులొచ్చి గుంపుని చెదరగొట్టారు. రాడ్డు దెబ్బకి కన్ను పోయిందని వాళ్లే రాసుకున్నారు. చూశారా అని నన్నడిగారు. చూశానన్నాను. బస్తీ కుర్రాళ్లు ఇద్దరు ఆ కన్ను కోసం జైలుకెళ్లారు. వాళ్లు కొట్టలేదని కాదు. కన్ను మాత్రం వాళ్లు తియ్యలేదు.

దవాఖానాకి ఒకసారి వెళ్లాను. నర్సింలు తలకీ కాలికీ కట్లు.

"నేనెప్పుడన్న నీళ్లు అమ్మిన్నా సార్?" అన్నాడు.

"లేదు."

"మరి గట్ల ఎందుకన్నరు?"

"నేననలేదు నర్సింలూ. గొడవలో ఎవరో అనుంటారు."

మిగిలిన కంటితో నన్ను చూశాడు. నేను తన్నిన సంగతి ఎత్తలేదు. "సరే సార్," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. రోజుకూలీ మీద ఉన్నవాడు కాబట్టి శాఖ అతనికి ఏమీ ఇవ్వలేదు. నాకు మాత్రం దెబ్బలు తిన్నానని జాలిపడి మంచిచోటికి బదిలీ ఇచ్చారు. తర్వాత అతను బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల కుప్పల దగ్గర కాపలా ఉండేవాడని విన్నాను. అటు కూరగాయలకి వెళ్లడం మానేశాను. కిందటేడు పోయాడని తెలిసింది. అప్పుడు కలిగింది బాధ అనే అనుకున్నాను. కాదు. ఇక చెప్పేవాడు లేడన్న ధీమా. అది గుర్తుపట్టాకే నామీద నాకు అసహ్యం పుట్టింది.

ఆ ఇద్దరు కుర్రాళ్లు ఎక్కడున్నారో వెతకలేదు. వెతుకుతానని మీకు మాటివ్వను. నేను మాటిచ్చి నిలబెట్టుకునే రకం కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. నర్సింలు కుడికన్ను తీసింది నేను. నా కాలితో. ఇదొక్కటీ అబద్ధం కలపకుండా చెప్పాను.

లోపల మా ఆవిడ భోజనానికి పిలుస్తోంది. చాలాకాలం తర్వాత నిజంగా ఆకలేస్తోంది. అందుకూ సిగ్గుగానే ఉంది.